హాంప్టన్ బడిలో ఒక అరగంట



మన సమావేశాలలో తరచుగా ఒక మాట వినబడుతూ ఉంటుంది. "మాతృభాషలో చదువుకొనే హక్కు రాజ్యాంగంలోనే ఉన్నది కదా మాస్టారూ, ఇక మనకు భయమెందుకు?" అని. మరొక మాట కూడా అంతే తరచుగా వినబడుతుంది. "అంతా పైవాళ్ళ చేతిలో ఉన్నది, మనం చేయగలిగినది ఏమున్నది?" అని. ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధంగా కనబడినా, రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒక్కటే. భాష నిలవడమూ, పోవడమూ ఎక్కడో రాజధానిలో నిర్ణయమవుతాయన్న నమ్మకమే ఆ పొరపాటు.

ఆ నమ్మకంలో నిజమెంతో తెలుసుకొనడానికి నేడు మిమ్మల్ని చాలా దూరం తీసుకొని వెళ్ళదలచాను. అమెరికా సంయుక్త రాష్ట్రాల నడుమ నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉన్నది. అందులో హామిల్టన్ కౌంటీ ఒక వ్యవసాయ సీమ. 1920వ సంవత్సరం మే 25వ తేదీన అక్కడి ఒక బడిపంతులు పదేళ్ళ బాలునిచేత జర్మన్ భాషలో పాఠం చదివించి నేరస్థుడైనాడు. ఆయన పేరు రాబర్ట్ మేయర్. ఆ వ్యాజ్యం అమెరికా సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. న్యాయశాస్త్రం చదివినవారికి ఆ తీర్పు సుపరిచితమే. అయితే తీర్పుతో పాటు దానికి పుట్టినిల్లయిన కౌంటీని గురించీ, ఆ కౌంటీ ప్రభుత్వాన్ని గురించీ తెలుసుకుంటేనే మనవంటివారికి ఎక్కువ ప్రయోజనం.

గళ్ళు గీసిన నేల

ముందుగా ఆ నేలను ఒకసారి మనసులో ఊహించుకొనండి. కొండ లేదు, అడవి లేదు. చూపు ఆనినంత దూరం గాలికి ఊగే గడ్డి. ఇటువంటి గడ్డిభూములనే ప్రెయిరీలు అంటారు. హామిల్టన్ కౌంటీకి ఉత్తరపు హద్దుగా ప్లాట్ నది ప్రవహిస్తుంది. ఆ పరిసరాలు పానీ అనే ఆదివాసి జాతి వారి వేట భూములు. 1833లో జరిగిన ఒడంబడికలో ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న భూములను వారు అమెరికా ప్రభుత్వానికి వదులుకొన్నారు. 1857లో ఉత్తరపు భూములు కూడా పోయినవి. 1870లలో మిగిలినవారు సైతం నేటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. ఆ నేల మీద మొదట మాట్లాడిన భాష ఏదని అడిగితే పానీ భాష అని చెప్పాలి గాని ఇంగ్లీషూ కాదు, జర్మనూ కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

1862లో వచ్చిన హోంస్టెడ్ చట్టం ప్రకారం, అయిదేళ్ళు అక్కడే నివసించి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా లభించేది. 1867లో నెబ్రాస్కా రాష్ట్రమైనది. వలస వచ్చినవారికి ఇల్లు కట్టుకొనడానికి కలప లేదు. గడ్డివేళ్ళతో గట్టిపడిన మట్టిని నాగలితో పెళ్ళలుగా కోసి, వాటినే ఇటుకలవలె పేర్చి గోడలు కట్టుకొన్నారు.

ఈ నేలను కొలిచిన పద్ధతిలో మన ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉన్నది. ప్రభుత్వ సర్వేవారు భూమినంతా చదరంగపు పలకవలె గళ్ళు గీశారు. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల గడి ఒక టౌన్‌షిప్. దానిలో ఒక్కొక్క చదరపు మైలు, అనగా 640 ఎకరాలు గల 36 చిన్న గళ్ళు. వాటిలో 16వ గడి, 36వ గడి నెబ్రాస్కాలో బడుల కోసం ప్రత్యేకించబడినవి. ఊరు ఇంకా పుట్టలేదు, పిల్లలు ఇంకా పుట్టలేదు, బడి పేరిట భూమి మాత్రం అప్పటికే పటం మీద ఉన్నది! వలసదారులు బడిని ఎంత ముఖ్యంగా భావించారో దీనిని బట్టి తెలుస్తుంది. అంత ముఖ్యమైనది కాబట్టే, తరువాతి కాలంలో ఆ బడిలో ఏ భాష వినబడాలన్న తగవు కూడా అంత తీవ్రంగా వచ్చింది.

కౌంటీ అంటే ఏమిటి?

కౌంటీని మనం జిల్లా అని అనువదించుకొంటాము. హామిల్టన్ కౌంటీ విషయంలో ఆ మాట మనలను కొంత తప్పుదారి పట్టిస్తుంది. దాని విస్తీర్ణం సుమారు 540 చదరపు మైళ్ళు, అంటే మన పాత తాలూకా పాటి. జనాభా 1920 ప్రాంతంలో పదమూడు వేల పైచిలుకు. 2020 లెక్కలలో తొమ్మిది వేల నాలుగు వందల పైచిలుకు. మన వైపు ఒక పెద్ద పంచాయతీలోనే అంతమంది ఉంటారు. నెబ్రాస్కాలో ఇటువంటి కౌంటీలు 93 ఉన్నవి.

1870లో హామిల్టన్ కౌంటీ ప్రభుత్వం ఏర్పడినది. మొదట ఆర్విల్ సిటీ అనే చోట కార్యస్థానం ఉండేది. కార్యస్థానం ఎక్కడ ఉంటే అక్కడే అంగళ్ళు, వకీళ్ళు, పత్రికలు చేరుతాయి కాబట్టి ప్రెయిరీ కౌంటీలలో దాని కోసం ఊళ్ళ మధ్య గట్టి పోటీ జరిగేది. 1876లో అది అరోరా పట్టణానికి మారి, నేటికీ అక్కడే ఉన్నది. కార్యస్థానాన్ని కోల్పోయిన ఆర్విల్ సిటీ క్రమంగా మాసిపోయింది. ఒక కచేరీ తరలిపోతే ఊరే తరలిపోతుందన్నమాట! 1879లో రైలుమార్గం ఆ ప్రాంతానికి చేరిన తరువాత దాని వెంట హాంప్టన్ అనే చిన్న ఊరు వెలిసింది. మన కథ జరిగినది ఆ హాంప్టన్ దగ్గరనే.

ఆ కౌంటీ ప్రభుత్వపు తీరు మన పద్ధతికి చాలా భిన్నమైనది. మన కలెక్టరు గారు పైనుండి నియమింపబడి వస్తారు, మూడేళ్ళకో నాలుగేళ్ళకో బదిలీ అవుతారు. అక్కడ కౌంటీ పాలకమండలి సభ్యులు, గుమస్తా, కోశాధికారి, షెరీఫ్, ప్రభుత్వం తరపున నేరాలను విచారణకు తెచ్చే కౌంటీ అటార్నీ, బడులను పర్యవేక్షించే కౌంటీ సూపరింటెండెంట్, వీరందరూ స్థానికుల ఓట్లతో ఎన్నికైనవారే. ఉదయం కచేరీలో కనబడిన అధికారి సాయంత్రం అంగడిలో కనబడతాడు. ఆదివారం చర్చి మెట్ల మీద పలకరిస్తాడు. ఆయనకు మీ ఇల్లు తెలుసు, మీ పొలం తెలుసు, మీ ఇంటి భాష కూడా తెలుసు.

బడుల పాలన ఇంకా చిన్న ముక్కలుగా ఉండేది. కొద్ది మైళ్ళకొక ఒంటిగది బడి, దానికొక ప్రత్యేకమైన బడి జిల్లా, దానిని నడపడానికి ఊరివారే ఎన్నుకొన్న ముగ్గురు సభ్యులు. 1920 ప్రాంతంలో నెబ్రాస్కా మొత్తంలో సుమారు ఏడు వేల బడి జిల్లాలు ఉండేవి. వీటికి తోడుగా చర్చిలు తమ పిల్లల కోసం నడుపుకొనే బడులు. ఈ బడులన్నిటినీ చూచుకొనే అధికారి కౌంటీ సూపరింటెండెంట్. ఎనిమిదవ తరగతి ముగించిన పిల్లలకు ఉత్తీర్ణతాపత్రం ఇచ్చేది ఆయనే. ఈ పత్రాన్ని కూడా గుర్తుంచుకోండి.

ఆ నేల మీది భాషలు

హామిల్టన్ కౌంటీకి వచ్చిన రైతులలో ఇంగ్లీషువారు మాత్రమే కాక జర్మన్లు, డేనులు, స్వీడులు కూడా ఉన్నారు. హాంప్టన్ పరిసరాలలోని జర్మన్ లూథరన్ కుటుంబాలవారు జియోన్ చర్చినీ, దానికి అనుబంధంగా బడినీ నడుపుకొన్నారు. ఇంటిలో జర్మన్, ప్రార్థనలో జర్మన్, బజారులో ఇంగ్లీషు. మన హోసూరులోనో, బరంపురంలోనో, బళ్ళారిలోనో, షోలాపురంలోనో తెలుగు కుటుంబాల దినచర్యను చూచినవారికి ఇది క్రొత్త విషయం కాదు.

ఆ కాలంలో రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఆ భాషల మీద ద్వేషం లేదు. 1913లో మాకెట్ చట్టమని ఒకటి వచ్చింది. పట్టణపు బడులలో యాభైమంది విద్యార్థుల తల్లిదండ్రులు విన్నపం ఇచ్చినట్లయితే, అయిదవ తరగతి మొదలు ఒక ఐరోపా భాషను నేర్పవలసిందేనని ఆ చట్టం చెప్పింది. తల్లిదండ్రుల సంతకాలకు చట్టం విలువ ఇచ్చిందన్నమాట.

1917 ఏప్రిల్‌లో అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించగానే గాలి మారిపోయింది. నెబ్రాస్కాలో రాష్ట్ర రక్షణ మండలి ఏర్పడింది. దానికి కౌంటీ స్థాయిలో శాఖలు ఏర్పడినవి. ఏ బడిలో ఏ భాష చెబుతున్నారు, ఏ చర్చిలో ఏ భాషలో ప్రార్థిస్తున్నారు అని ఆరా తీయడం మొదలైంది. ఆరా తీసినవారు ఎక్కడినుండో వచ్చిన పోలీసులు కారు, ఇరుగుపొరుగువారే. పొరుగున ఉన్న అయోవా రాష్ట్రంలో గవర్నరు 1918 మే నెలలో బడిలోనే కాదు, బహిరంగ స్థలాలలోనూ, టెలిఫోనులోనూ, ప్రార్థనలోనూ ఇంగ్లీషు తప్ప వేరు భాష కూడదని ప్రకటించాడు. అదే సంవత్సరం నెబ్రాస్కాలో మాకెట్ చట్టం రద్దయింది. అయిదేళ్ళ క్రిందట గౌరవం పొందిన సంతకాలకు ఇప్పుడు విలువ లేకపోయింది.

1918 నవంబరులో యుద్ధం ముగిసింది. అయితే భయం ముగియలేదు. యుద్ధం ముగిసిన అయిదు నెలలకు, 1919 ఏప్రిల్ 9న, నెబ్రాస్కాలో సైమన్ చట్టం వచ్చింది. దాని సారాంశం ఇది. ఏ బడిలోనూ, అది సర్కారు బడి అయినా, చర్చి బడి అయినా, ప్రైవేటు బడి అయినా, ఏ విషయాన్నీ ఇంగ్లీషులో తప్ప మరొక భాషలో బోధించరాదు. పరభాషను ఒక పాఠ్యాంశంగా నేర్పాలన్నా, విద్యార్థి ఎనిమిదవ తరగతి గట్టెక్కిన తరువాతనే నేర్పాలి. గట్టెక్కినట్లు సాక్ష్యం కౌంటీ సూపరింటెండెంట్ ఇచ్చే పత్రం. తప్పినవారికి 25 నుండి 100 డాలర్ల జరిమానా, లేదా ముప్పై రోజుల వరకు కౌంటీ జైలు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చట్టం చేసినది రాష్ట్ర రాజధాని లింకన్ నగరం. దానిని నడిపించే ప్రతి చక్రం మాత్రం కౌంటీలోనే ఉన్నది. పత్రం కౌంటీ సూపరింటెండెంటుది. ఫిర్యాదు కౌంటీ అటార్నీది. విచారణ కౌంటీ కార్యస్థానంలో. జైలు కౌంటీది. రాజధానిలో వ్రాసిన అక్షరం బడి తలుపు దాకా నడిచి రావాలంటే దానికి స్థానికమైన కాళ్ళు కావాలి.

ఆ అరగంట

చట్టం రాగానే లూథరన్ సంఘంవారు న్యాయస్థానానికి వెళ్ళారు. నెబ్రాస్కా సుప్రీం కోర్టు 1919లోనే చట్టాన్ని సమర్థిస్తూ, బడివేళలకు వెలుపల పరభాష నేర్పడాన్ని ఈ చట్టం అడ్డుకొనదని వివరణ ఇచ్చింది. జియోన్ బడివారు ఆ సందును పట్టుకొన్నారు. మధ్యాహ్నపు విరామాన్ని ఒంటిగంటతో ముగించక ఒకటిన్నర వరకు పొడిగించారు. ఆ అరగంటలో జర్మన్ భాషలోని బైబిలు కథలు చదివించేవారు. తక్కిన పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. చట్టాన్ని ధిక్కరించకుండానే తమ భాషకు కాస్త చోటు మిగుల్చుకొనే ప్రయత్నం అది.

1920 మే 25న ఆ అరగంటలో మేయర్ పాఠం చెబుతుండగా కౌంటీ అటార్నీ ఫ్రాంక్ ఎడ్జర్టన్ బడికి వచ్చాడు. అప్పుడు తన మనసులో ఏమి జరిగినదో మేయర్ తరువాత తన న్యాయవాదికి చెప్పాడు. ఆ న్యాయవాది ఆర్థర్ ముల్లెన్ దానిని 1940లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాశాడు. వెంటనే ఇంగ్లీషులోకి మారితే ఏ గొడవా ఉండదని మేయరుకు తెలుసు. మారకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అయినా జంకకూడదనుకొని జర్మన్‌లోనే కొనసాగించాడు.

ఈ సన్నివేశం చదివిన ప్రతిసారీ నా మనసు బరువెక్కుతుంది. పర్యవేక్షణ అధికారి గుమ్మంలో నిలబడినప్పుడు మన గొంతు ఎలా మారుతుందో మనకు తెలియనిది కాదు. ఆ గదిలో ఉన్నది సైన్యం కాదు, విప్లవం కాదు. ఒక పంతులు, ఒక పుస్తకం, పదేళ్ళ పిల్లవాడు. గుమ్మంలో ఊరివారి ఓట్లతో ఎన్నికైన ఒక అధికారి.

అరోరాలోని జిల్లా న్యాయస్థానంలో విచారణ జరిగింది. మేయర్ దోషి అని తేలింది. జరిమానా 25 డాలర్లు. చట్టంలో ఉన్న కనిష్ఠ శిక్ష అదే. కట్టివేసి ఊరుకొంటే కథ అక్కడితో ముగిసేది. మేయర్ కట్టలేదు, అప్పీలు చేశాడు. పిల్లలకు వారి పెద్దల మతాన్ని పెద్దల భాషలో నేర్పడం తన ధర్మమని ఆయన నమ్మకం.

తీర్పులు

1922లో నెబ్రాస్కా సుప్రీం కోర్టు శిక్షను ఖాయపరచింది. వలస వచ్చినవారి పిల్లలు మాతృభాషలోనే ఆలోచిస్తూ పెరగడం దేశక్షేమానికి హాని అని భావించింది. పొడిగించిన విరామం కూడా బడివేళలలోని భాగమేనని తేల్చింది. లాటిన్, గ్రీకు, హీబ్రూ వంటి ప్రాచీన భాషలకు ఈ నిషేధం వర్తించదని కూడా చెప్పింది. అనగా, ఎవరి ఇంటిలోనూ మాట్లాడని భాషను బడిలో నేర్పవచ్చు, ఇంటిలో మాట్లాడే భాషను మాత్రం కూడదు. ఈ తీర్పు ఏకగ్రీవం కాదు. న్యాయమూర్తి లెట్టన్ విభేదించాడు.

తరువాత ఆ వ్యాజ్యం వాషింగ్టన్ చేరింది. 1923 ఫిబ్రవరిలో ముల్లెన్ సర్వోన్నత న్యాయస్థానం ముందు వాదించాడు. 1923 జూన్ 4న ఏడుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ఇద్దరు మరొక వైపు నిలువగా మేయర్ గెలిచాడు. తీర్పు వ్రాసినది న్యాయమూర్తి మెక్‌రేనాల్డ్స్. రాజ్యాంగం కాపాడే స్వేచ్ఛలో ఉపాధ్యాయునికి తన వృత్తి చేసుకొనే హక్కూ, తల్లిదండ్రులకు తమ పిల్లల కోసం ఆ ఉపాధ్యాయుని నియమించుకొనే హక్కూ ఉన్నవని ఆయన అన్నాడు. జర్మన్ భాష తెలిసి ఉండడం దానంతటది హానికరమని చెప్పడానికి ఆధారం లేదన్నాడు. పూర్వం స్పార్టాలో మగపిల్లలను ఏడేళ్ళకే తల్లిదండ్రులనుండి వేరుచేసి ఒకే మూసలో పెంచిన ఉదంతాన్ని ప్రస్తావించి, ఆ పద్ధతి అమెరికా రాజ్యాంగపు తత్త్వానికి సరిపడదని చెప్పాడు.

ఆ తీర్పు చెప్పని దానిని కూడా మనం గమనించాలి. పిల్లలను బడికి పంపమని నిర్బంధించడానికి, బడులను నియంత్రించడానికి, ఇంగ్లీషులో బోధన ఉండాలని శాసించడానికి రాష్ట్రానికి గల అధికారాన్ని తాము ప్రశ్నించడం లేదని ఆ న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. విభేదించిన ఇద్దరిలో హోమ్స్ వంటి గొప్ప న్యాయమూర్తి ఉన్నాడు. దేశంలో అందరికీ ఒక ఉమ్మడి భాష ఉండాలన్న కోరిక న్యాయమైనదేననీ, చిన్నవయసులో ఆ భాషనే ఎక్కువగా వినిపించాలన్న ప్రయత్నాన్ని అసమంజసమని కొట్టివేయలేమనీ ఆయన అభిప్రాయం. సరిహద్దు ప్రాంతాలలో ఉన్న మనం ఆ వాదాన్ని తేలికగా తీసివేయకూడదు. మన పిల్లలకు తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో బాగా రావడం మనకూ అవసరమే. హోమ్స్ కోరికలో తప్పు లేదు. ఆ కోరిక కోసం తక్కిన గొంతును మూయించడంలోనే తప్పు ఉన్నది.

గెలిచిన తరువాత

చట్టం కొట్టివేయబడింది. మరి ఆ భాష?

మిత్రులారా, నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే. తీర్పు జర్మన్‌ను బ్రతికించలేదు. యుద్ధకాలపు అవమానాలు చూచిన తల్లిదండ్రులలో చాలామంది పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడసాగారు. మధ్యపశ్చిమ రాష్ట్రాల లూథరన్ చర్చిలలో 1920లలో, 1930లలో ఇంగ్లీషు ప్రార్థనలు పెరుగుతూ వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లీషే ప్రధానమైనది. నెబ్రాస్కా రాజ్యాంగంలో 1920లో ఇంగ్లీషును అధికార భాషగా చేసిన సవరణ నేటికీ ఉన్నది. హాంప్టన్ వంటి ఊళ్ళలో సమాధుల మీద జర్మన్ అక్షరాలు ఉండవచ్చు గాని, బడిపిల్లల నోట ఇంటిభాషగా వినబడదు. న్యాయస్థానం ఆ అరగంటను తిరిగి ఇచ్చింది. ఆ అరగంటలో కూర్చోవడానికి పిల్లలే మిగలలేదు.

మరొక సంగతి. పానీ భాషను గుర్తుంచుకోమన్నాను కదా. హామిల్టన్ కౌంటీకి ఉత్తరాన, ఒకప్పటి పానీల రిజర్వేషన్ ఉండిన నాన్స్ కౌంటీలో, జెనోవా అనే ఊళ్ళో 1884 నుండి 1934 వరకు ఒక ప్రభుత్వ వసతి పాఠశాల నడిచింది. వివిధ జాతుల ఆదివాసి పిల్లలను ఇళ్ళకు దూరంగా అక్కడ ఉంచి ఇంగ్లీషు తప్ప వేరు భాష మాట్లాడనిచ్చేవారు కారు. మేయర్ కేసు నడిచిన సంవత్సరాలలోనూ ఆ బడి నడుస్తూనే ఉన్నది. 1923 తీర్పు వెలువడిన తరువాత కూడా మరి పదకొండేళ్ళు నడిచింది. జర్మన్ రైతులకు ఒక చర్చి ఉన్నది, సంఘం ఉన్నది, న్యాయవాది ఉన్నాడు, ఓటు ఉన్నది. ఆ ఆదివాసి పిల్లల తల్లిదండ్రులకు అవి లేవు. హక్కు కాగితం మీద ఉండటం ఒకటి, దానిని అడగగలిగిన సంఘబలం ఉండటం మరొకటి.

కౌంటీ ప్రభుత్వం కూడా మారింది. నెబ్రాస్కాలో కౌంటీ సూపరింటెండెంట్ పదవి ఇరవయ్యవ శతాబ్దపు చివరికి రద్దయింది. ఏడు వేల బడి జిల్లాలు కలిసిపోయి నేడు సుమారు 240 మిగిలినవి. మైళ్ళకొకటిగా ఉన్న ఒంటిగది బడులు మూతపడినవి. జనం తగ్గితే బడి తగ్గుతుంది. బడి తగ్గితే ఊరివారికి దాని మీద ఉన్న అధికారమూ తగ్గుతుంది.

మన సంగతి

మన రాజ్యాంగంలో 350 ఏ అధికరణం 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించవలసినవారు ఎవరని ఆ అధికరణం చెబుతున్నదో మీరు ఎప్పుడైనా శ్రద్ధగా చూచారా? ప్రతి రాష్ట్రమూ అని మాత్రమే కాదు, రాష్ట్రంలోని ప్రతి స్థానికాధికార సంస్థ కూడా అని స్పష్టంగా ఉన్నది. అంటే పంచాయతీ, పురపాలక సంఘం వంటివి. మన పెద్దలు ఆ మాటను ఊరికే వ్రాయలేదు. మరి మనలో ఎంతమందిమి మన వార్డు సభ్యునితో తెలుగు పాఠాన్ని గురించి ఒక్కసారైనా మాట్లాడాము?

అంతకుముందే, 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్కను నిర్ణయించింది. బడి మొత్తంలో నలభైమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని మాతృభాషలో చదువు కోరే పిల్లలు ఉంటే ఉపాధ్యాయుని ఇవ్వాలని. మాకెట్ చట్టంలోని యాభై సంతకాల వంటిదే ఇది కూడా. లెక్క కుదిరితే పంతులు ఉంటాడు. కుదరకపోతే లేడు.

ఈ లెక్కకు సంబంధించిన నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ క్రిందట నేను పనిచేసిన ఒక బడిలో ఒక తరగతికి తెలుగు పాఠం కాలపట్టికలోనుండి తొలగిపోయింది. పైకచేరీకి వెళ్ళిన జాబితాలో ఆ తరగతిలో తెలుగు పిల్లలు ఎనిమిదిమందే ఉన్నారట. నాకు కోపం వచ్చింది. పై అధికారుల వివక్ష అని ఇంటికి వచ్చి అన్నాను కూడా. మరునాడు ప్రవేశపత్రాలు తీసి చూచాను. ఇంటిలో తెలుగు మాట్లాడే పిల్లలు పన్నెండుమంది. వారిలో నలుగురి పత్రాలలో మాతృభాష అన్న గడిలో రాష్ట్రభాష పేరు వ్రాసి ఉన్నది. వ్రాసినది ఏ అధికారీ కాదు, తల్లిదండ్రులే. "ఎందుకమ్మా ఇలా వ్రాశారు?" అని ఒక తల్లిని అడిగితే, "తెలుగు అని వ్రాస్తే పిల్లవాడికి తరువాత ఇబ్బంది వస్తుందేమోనని మాస్టారూ" అన్నది. ఆమెను తప్పు పట్టలేకపోయాను. హాంప్టన్‌లోని జర్మన్ తల్లులు కూడా అలాగే అనుకొని ఉంటారు.

మధ్యాహ్న భోజనం తరువాత వేపచెట్టు క్రింద ఆ పన్నెండుమందికీ పాఠం చెప్పాను. అప్పటికి మేయర్ పేరు నాకు తెలియదు. మరుసటి సంవత్సరం ఆ నాలుగు పత్రాలనూ తల్లిదండ్రులే సరిచేయించారు. పాఠం తిరిగి కాలపట్టికలోకి వచ్చింది. మనల్ని అడ్డుకొనడానికి ఏ అటార్నీ రాలేదు. మన గడిని మనమే తప్పుగా నింపుకొన్నాము, మనమే దిద్దుకొన్నాము.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులారా, జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యేటప్పుడు ఆ ఒక్క గడిని దగ్గరుండి చూడండి. జాబితా ఏ కచేరీకి వెళుతుందో, అక్కడ దానిని చూచే గుమస్తా ఎవరో తెలుసుకోండి. తల్లిదండ్రులారా, బడి నిర్వాహక సంఘాలలో చేరండి, పంచాయతీలో ఆ మాట ఎత్తండి. హామిల్టన్ కౌంటీలో జర్మన్‌కు అడ్డుపడినది స్థానిక ప్రభుత్వం. మన ఊళ్ళలో అదే స్థానిక ప్రభుత్వం తెలుగుకు అండ కాగలదు, మనం వెళ్ళి అడిగితే. అన్నిటికంటే ముందు, ఇంటిలో రోజుకొక అరగంట పిల్లల పక్కన కూర్చొని తెలుగు పుస్తకం చదివించండి. ఆ అరగంట కోసం ఒక పంతులు న్యాయస్థానాలన్నీ ఎక్కవలసి వచ్చింది. మనకు ఆ శ్రమ లేదు.

మీ బడులలో ప్రవేశపత్రాల లెక్క ఎలా ఉన్నదో చూచి నాకు తెలియజేయగలరు.

సెలవు.